ఒడ్డున ఎండిపోయిన కుట్టుపడవకు కొలతలు తీయడం: ప్రాజెక్టు డైరీ

ఈ డైరీలోని పడవ శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నానికి ఉత్తరాన ఉన్న ఒక మత్స్యకార గ్రామంలో, సరుగుడు తోట అంచున ఇసుకలో సగం కూరుకుని ఉంది. ఒక్క మేకు కూడా కొట్టకుండా, పలకల అంచులకు బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టి చేసిన పడవ ఇది. ఇంగ్లీషు పుస్తకాలు దీనిని మసూలా పడవ అంటాయి గాని, ఒడ్డున మాత్రం పడవ అన్న మాట తప్ప వేరే పేరు నాకు వినిపించలేదు. మద్రాసుకు రేవు కట్టకముందు, దూరంగా లంగరు వేసిన ఓడల నుంచి మనుషులనూ సరుకునూ కెరటాల మీదుగా ఒడ్డుకు చేర్చినవి ఈ రకం పడవలే. లోపల పక్కటెముకల వంటి వంకీకర్రలు లేకపోవడం వల్ల కెరటం ఎత్తి నేలకు కొట్టినా ఇది పగలకుండా వంగి, మళ్లీ నిలదొక్కుకుంటుంది. మన వైపు చాలాకాలం అలివి వలను (ఒడ్డు నుంచి లాగే పెద్ద వలను) సముద్రంలో చుట్టి దింపడానికి వీటినే వాడారు. తరువాత ఫైబరు పడవలు వచ్చాయి.

యజమాని చెప్పినదాని ప్రకారం, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దీనిని ఒడ్డు పైకి ఎత్తి పడేసిన తరువాత ఇది మళ్లీ నీళ్లు చూడలేదు. ఆ సంగతిని మొదటి రోజే నోటుపుస్తకంలో రాసుకున్నాను గాని, అది నా కొలతలన్నిటినీ తలకిందులు చేసే సంగతి అని గ్రహించడానికి మూడు నెలలు పట్టింది. ఇలాంటి పడవ మరెక్కడైనా మరొకరి కంట పడితే వారికి ఆ మూడు నెలలు మిగలాలన్నదే ఈ డైరీ ఉద్దేశం.

దశ 1: అనుమతి, పరికరాలు (2025 జనవరి)

పడవను ముట్టుకోకముందు ఇది ఎవరి అధీనంలో ఉందో తేల్చుకోవలసి వచ్చింది. ఒక కార్యాలయానికి ఉత్తరం రాస్తే, ఇది పురావస్తువు కాదు కాబట్టి తమకు సంబంధం లేదని ఐదు వారాల తరువాత జవాబు వచ్చింది. చట్టప్రకారం ఆ మాట సరైనదే. 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తించాలంటే వస్తువుకు కనీసం నూరేళ్లు నిండాలి. నీటి అడుగున ఉన్న వారసత్వం గురించి 2001లో యునెస్కో చేసిన ఒప్పందం కూడా నూరేళ్లుగా నీటిలో మునిగి ఉన్నవాటి గురించే మాట్లాడుతుంది. మన పడవ వయసు యజమాని లెక్కలో నలభైకి అటూ ఇటూ. పైగా అది పొడి ఇసుకలో ఉంది. నూరేళ్లు నిండేవరకు దీనిని కాపాడే చట్టం లేదు, చట్టం వచ్చేవరకు ఇది పొయ్యిలోకి పోకుండా ఆగదు.

సముద్రం ఒడ్డుకు తెచ్చి పడేసిన దానిపై హక్కు ఎవరిదన్న ప్రశ్న ఈ తీరానికి కొత్తది కాదు. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకునంతా పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. నా విషయంలో అభయం ఇవ్వవలసినవారు యజమాని, ఆయన అన్నదమ్ములు ఇద్దరు. ముగ్గురి చేతా ఒకే కాగితం మీద, ఫొటోలు తీయవచ్చుననీ, చెక్క కోయకూడదనీ, గ్రామం పేరు బయట పెట్టకూడదనీ రాయించుకున్నాను. ఈ పని మొదట చేయండి. ఒక్కరి మాట మీద మొదలుపెడితే మూడవ రోజున రెండవవారు వచ్చి ఆపేస్తారు.

కొన్నవి: 30 మీటర్ల టేపు ఒకటి, 5 మీటర్ల టేపు ఒకటి (640 రూపాయలు), తాపీ మేస్త్రీలు మట్టం చూడడానికి వాడే పారదర్శక నీళ్ల గొట్టం 15 మీటర్లు (225), నైలాను దారం, తూకం గుండు, మూలమట్టం (410), వెదురు బొంగులు 8 (480), గళ్ల కాగితాలు, పెన్సిళ్లు (300).

ఇంతవరకు: ఖర్చు 2,055 రూపాయలు, పని 9 గంటలు.

దశ 2: టేపు కొలతలు, రెండుసార్లు (ఫిబ్రవరి)

మొదటిసారి కొలిచిన పద్ధతి ఇది. ముందు కొస కొయ్య తల నుంచి వెనుక కొస కొయ్య తల వరకు నైలాను దారం బిగించి కట్టాను. దాని మీద మీటరుకొక గుర్తు పెట్టి, ప్రతి గుర్తు దగ్గర తూకం గుండు వదిలి, అక్కడి నుంచి కుడి పక్కకూ ఎడమ పక్కకూ అడ్డంగా దూరం కొలిచాను. పొడవు 8.42 మీటర్లు వచ్చింది. నాలుగవ గుర్తు దగ్గర కుడివైపు 1.09 మీటర్లు, ఎడమవైపు 0.97 మీటర్లు వచ్చాయి.

పన్నెండు సెంటీమీటర్ల తేడా చూసి నేను సంబరపడ్డాను. వల ఒక పక్క నుంచే దింపుతారు కాబట్టి పడవను కావాలనే ఆ పక్కకు వెడల్పుగా చేశారని ఒక సిద్ధాంతం కూడా రాసి పెట్టుకున్నాను. ఆ పేజీని చింపలేదు, పెన్సిలుతో అడ్డంగా కొట్టివేసి ఉంచాను.

సిద్ధాంతం రెండు రోజులే నిలిచింది. మూడవ రోజు ఉదయం అదే గుర్తు దగ్గర మళ్లీ కొలిస్తే 1.06, 1.00 వచ్చాయి. పడవ కదలలేదు, నేనూ మారలేదు, మారినది గాలి. మొదటి రోజు మధ్యాహ్నం కొలిచినప్పుడు సముద్రపు గాలి ఎనిమిది మీటర్ల దారాన్ని పక్కకు నెట్టి విల్లులా వంచింది. మధ్యలో ఆ వంపు 3 సెంటీమీటర్లు ఉంది. మిగిలిన తేడాకు కారణం దారం కట్టిన చోటే ఉంది. రెండు కొసల కొయ్యలూ కుట్టు సడలి ఎడమవైపుకు 2 సెంటీమీటర్ల మేర ఒరిగి ఉన్నాయి. ఒరిగిన కొయ్యలకు కట్టిన దారాన్ని మధ్యరేఖ అనుకుని కొలిస్తే నిటారుగా ఉన్న పడవ కూడా వంకరగానే కనబడుతుంది.

పద్ధతి మార్చి, ఆధారరేఖను పడవ మీద కాక నేల మీద పెట్టాను. మళ్లీ చేసేవారు ఈ వరుస పాటించవచ్చు:

1. పడవకు ముందు, వెనుక అర మీటరు దూరంలో ఒక్కొక్క వెదురు బొంగును కనీసం 70 సెంటీమీటర్ల లోతున పాతాలి. రెండు పక్కలా మరో మూడేసి బొంగులు పాతాలి. మెత్తని పై ఇసుకలో కాక, తవ్వితే తడి తగిలే లోతు వరకు దింపాలి.
2. నీళ్ల గొట్టంతో ఎనిమిది బొంగుల మీదా ఒకే ఎత్తులో గుర్తు పెట్టాలి. గొట్టంలో బుడగ ఉందో లేదో ముందుగా చూడాలి. నేను చూడకపోవడం వల్ల ఒక మూలలో 17 మిల్లీమీటర్ల తప్పు వచ్చి, ఒక పూట పని పోయింది. నీళ్లలో బట్టల నీలం ఒక చుక్క కలిపితే బుడగ కనబడుతుంది.
3. దారం పొడవునా మధ్యలో రెండుచోట్ల ఊతం ఇవ్వాలి. గాలి లేచేలోపు, అంటే ఉదయం తొమ్మిదిలోపు, అడ్డ కొలతలు ముగించాలి.
4. ప్రతి కొలతనూ ఒకరు చదవాలి, మరొకరు పైకి తిరిగి చెప్పి రాయాలి. సున్నా మీటర్ల చివరను కొలిచే మనిషే పట్టుకోవాలి.
5. చివరగా మూలల నుంచి మూలలకు కర్ణాలు కొలిచి సరిచూసుకోవాలి. కర్ణాల లెక్క కుదరకపోతే కాగితం మీద సర్దుబాటు చేయకుండా మళ్లీ కొలవాలి.

ఈ పద్ధతిలో నాలుగవ గుర్తు దగ్గర కుడివైపు 1.04, ఎడమవైపు 1.02 వచ్చాయి. మొత్తం వెడల్పు అదే 2.06 మీటర్లు. మధ్యలో లోతు 1.02 మీటర్లు. అడుగు పలక ఒకటి, పక్కకు ఐదేసి పలకలు, వాటి మధ్య పది కుట్టు వరుసలు. పలకల మందం మధ్యలో 28 మిల్లీమీటర్లు. అంచుల దగ్గర అరిగి 22 వరకు దిగింది.

పలకలు ఏ చెట్టువని అడిగితే నలుగురు మామిడి అన్నారు, ఒకాయన కాదన్నారు. నేను కాగితం మీద మామిడి అని రాసి, తరువాత కొట్టివేసి, "మామిడి అని నలుగురు చెప్పారు" అని మార్చాను. చూసినదానికీ విన్నదానికీ వేరు వేరు గళ్లు ఉండాలని ఈ ఒక్క మాట వల్ల తెలిసింది. అప్పటి నుంచి నా పట్టికలో కొలిచినది, చూసినది, విన్నది అని మూడు నిలువు గళ్లు ఉన్నాయి.

ఇంతవరకు: ఖర్చు 3,855 రూపాయలు (సహాయకుడి కూలి, బస్సు చార్జీలు కలిపి), పని 31 గంటలు, కొలతలు 214, వాటిలో పారేసినవి 96.

దశ 3: ఫొటోలు, నేను చేసిన నష్టం (మార్చి)

చుట్టూ తిరిగి తీసిన ఫొటోలను కలిపి త్రిమితీయ రూపం తయారుచేసే సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం పదకొండున్నరకు ఫోనుతో 412 ఫొటోలు తీశాను. వాటిలో సాఫ్ట్‌వేరు ఒకదానికొకటి జత కుదర్చగలిగినవి 173 మాత్రమే. తారు పూసిన పలకలు ఎండలో మెరిసి ప్రతి ఫొటోలో ఒక్కోలా కనబడ్డాయి. నా నీడ పడవ మీద తిరుగుతూ ఉంది. ఇసుక మీద నా అడుగులు పెరుగుతూ పోవడంతో మొదటి ఫొటోలోని నేలకూ చివరి ఫొటోలోని నేలకూ పోలిక లేదు.

రెండవసారి ఉదయం 5.40కి మొదలుపెట్టి, ఎండ పడవ మీద పడకముందే 6.25కి ఆపేశాను. నడిచే దారిని ముందే గోనెసంచులతో పరిచి, దాని మీదే నడిచాను. నాలుగు మీటరు బద్దలను నాలుగు దిక్కులా పెట్టి, ముగిసేవరకు కదపలేదు. ఫోనులో జూమును ఒకేచోట నిలిపాను. 386 ఫొటోలలో 371 కుదిరాయి. ఆ రూపంలో పొడవు 8.44 మీటర్లు వచ్చింది. టేపు కొలతకూ దీనికీ 2 సెంటీమీటర్ల తేడా నాకు ఆమోదమే.

ఇక నష్టం సంగతి. కుట్టు స్పష్టంగా కనబడాలని, ఎడమవైపు రెండవ వరుస మీద పేరుకున్న తారును ఇనుప బ్రష్షుతో రుద్దాను. తారుతోపాటు దాని కింద ఉన్న గడ్డిమెత్త కూడా 40 సెంటీమీటర్ల మేర పొడిపొడిగా రాలిపోయింది. రెండు పలకలు కలిసే సందు మీద లోపలివైపు మెత్తగా గడ్డి పరిచి, ఆ గడ్డిని తాడు నొక్కి పట్టేలా కుట్టడమే నీరు రాకుండా ఆపే ఉపాయం. నేను చెరిపినది సరిగ్గా దానినే. బ్రష్షు పట్టుకోవద్దు. మెత్తని కుంచెతో ఇసుక దులిపి, పక్కగా టార్చి వెలుగు వేస్తే కుట్టు లోతు నీడలో తెలిసిపోతుంది.

రాలిన పొడిని సంచిలో ఎత్తి ఇంటికి తెచ్చి తెల్ల కాగితం మీద పరిచాను. ఎక్కువ భాగం వరిగడ్డి. దానిలో కొబ్బరి పీచు. ఒకచోట మాత్రం నీలిరంగు నైలాను వల ముక్కలు వచ్చాయి. వెనక్కి వెళ్లి ఆ చోటు చూస్తే, అక్కడ 1.3 మీటర్ల మేర కుట్టు కూడా వేరుగా ఉంది: కొబ్బరి తాడు బదులు నైలాను తాడు, 7 సెంటీమీటర్లకొక బెజ్జం జత బదులు 9 సెంటీమీటర్లకొక జత, పాత బెజ్జాలలో కొన్నిటికి చెక్క బిరడాలు. గడ్డి దొరకక కాదు, వల ముక్కలు కుళ్లవు కాబట్టి వాటిని పెట్టామని యజమాని చెప్పారు. కుళ్లని ఆ మెత్త పక్కన పలక అంచు మిగతాచోట్ల కన్నా ఎక్కువ కుళ్లి ఉండడం నేను చూసినది. ఆ రెండు సంగతులనూ చెరొక గడిలో రాశాను.

నీలిరంగు ముక్కలు బయటపడక ముందు నేను పడవ అంతటినీ ఒకే కాలపు పనిగా లెక్కించి సగటులు తీస్తూ వచ్చాను. మరమ్మతులను విడదీసి మళ్లీ లెక్క వేయవలసి వచ్చింది. కనిపించే ఏడు వరుసలలో బెజ్జాలు 1,462.

ఇంతవరకు: ఖర్చు 4,905 రూపాయలు, పని 48 గంటలు, పనికివచ్చిన ఫొటోలు 371, నాశనమైన కుట్టుమెత్త 40 సెంటీమీటర్లు.

దశ 4: తాడు సంగతి (ఏప్రిల్ 15 తరువాత)

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేటకు నిషేధం ఉంటుంది. ఊళ్లో మనుషులు ఒడ్డునే ఉండి వలలు బాగుచేసుకునే రోజులు ఇవి. ఏదైనా నేర్చుకోదలచినవారు ఈ రోజులలోనే రావాలి. ఈ పడవను కుట్టినవారిలో ఒకరైన తాత అప్పుడే నాకు తీరికగా దొరికారు. ఆయనకు డెబ్బై దాటాయి. రోజుకు 800 రూపాయల చొప్పున ఆరు రోజులు కూలికి ఒప్పుకున్నారు. కూలి ఇవ్వడం గురించి ఒక మాట: ఉచితంగా చెప్పించుకున్నప్పుడు నాకు కథలు దొరికాయి, కూలి ఇచ్చినప్పుడు పని దొరికింది.

మొదటి పూట పడవ దగ్గర నిలబడి ఒక్కొక్క భాగాన్ని వేలితో చూపించి దీనిని ఏమంటారని అడిగాను. ప్రతిదానికీ "కర్ర", "చెక్క", "తాడు" అనే జవాబు వచ్చింది. విసుగు ఆయనలోనూ ఉంది, నాలోనూ ఉంది. మరునాడు కర్రల అడితిలో 1.2 మీటర్ల మామిడి పలకలు రెండు కొని తెచ్చి, ఆయన ముందు పెట్టి, కుట్టి చూపించమన్నాను. ఆ తరువాత నేను అడగనవసరం లేకపోయింది.

ఆయన చేసిన వరుసను చూసింది చూసినట్టు రాస్తున్నాను:

1. రెండు పలకల అంచులను ఒకదానితో ఒకటి రాసి, వెలుతురు కనబడేచోట్ల ఉలితో చెక్కారు. రెండున్నర గంటలు ఇదే పని.
2. అంచు నుంచి బొటనవేలి వెడల్పు వదిలి, ఎదురెదురుగా బెజ్జాలు వేశారు. కొలత కర్ర లేదు. మూడు వేళ్లు మడిచి ఆనించారు. నేను తరువాత కాలిపర్‌తో కొలిస్తే ఎడం 68 నుంచి 72 మిల్లీమీటర్లు ఉంది.
3. తాడును ముందు రాత్రే ఉప్పునీటిలో నానబెట్టించారు.
4. వరిగడ్డిని పేనకుండా, పొడవుగా దువ్వి, సందు మీద పరిచారు.
5. ఒక చివర నుంచి మరొక చివరకు వదులుగా కుడుతూ వెళ్లి, తిరిగి వస్తూ ఎదురు గీతలు వేశారు. గడ్డి మీద తాడు గుణకారపు గుర్తుల వరుసలా పడింది.
6. వదులుగా కుట్టినదాన్ని మధ్య నుంచి రెండు చివరలకూ బిగించారు. ఇది విడిగా రెండవ విడత.
7. బిగిసిన తరువాత ప్రతి బెజ్జంలోనూ పీచు కుక్కి, చిన్న కర్రతో కొట్టారు.

ఆరవ అడుగు దగ్గర కొంచెంసేపు ఆగాలి. తాత నేల మీద కూర్చుని, ఎడమ అరికాలిని పలకకు అదిమి పెట్టి, తాడును జానెడు కర్రకు రెండు చుట్లు చుట్టి, ఆ కర్రను బెజ్జం అంచుకు ఆనించి వెనక్కి వాలారు. తాడు లోంచి నీళ్లు పిండినట్టు కారాయి. గడ్డి అణగుతున్న చప్పుడు వినబడింది. అప్పుడు కుడిచేతి వేలితో తాడును మీటి, చెవి దగ్గరగా పెట్టి విని, మరికొంచెం వాలి, పక్క బెజ్జానికి వెళ్లారు. నన్నూ మీటమన్నారు. బిగిసినదానికీ బిగియనిదానికీ శబ్దంలో తేడా నాకు తెలిసింది గాని, చాలినంత బిగిసినదానికీ కొంచెం చాలనిదానికీ ఉన్న తేడా ఆరు రోజులలో తెలియలేదు.

ఇంత తడి తాడు ఎందుకని అడిగినప్పుడు ఆయన అన్న మాట ఈ ప్రాజెక్టును మార్చింది. "తాడు తడిసిందంటే ముడుచుకుంతాది బాబూ, ఎండిందంటే వదులైపోతాది. సెక్కా అంతే, నీళ్లలో ఉంటే ఉబ్బుతాది. ఒడ్డున ఎండిపోయిన పడవని కొలిస్తే నీకేటి దొరుకుతాది?"

ఆ రాత్రి పరీక్ష పెట్టాను. 6 మిల్లీమీటర్ల కొబ్బరి తాడుకు రెండు కిలోల బరువు వేలాడదీసి, పొడిగా ఉన్నప్పుడు సరిగ్గా 100 సెంటీమీటర్ల దూరంలో రెండు సిరా గుర్తులు పెట్టాను. పన్నెండు గంటలు ఉప్పునీటిలో నానబెట్టి, అదే బరువుతో మళ్లీ కొలిస్తే 97.1 సెంటీమీటర్లు. ఎండబెట్టాక 99.6. మరో రెండు తాడు ముక్కలతో చేసినా అటూ ఇటుగా ఇదే ఫలితం. వేల బెజ్జాల మీదుగా తిరిగే తాడు ఈ మాత్రం వదులైతే, పలకలు ఎండి కుంచించుకుపోతే, ఆ పడవ ఆకారం ఆరున్నరేళ్లలో ఇసుక బరువుకూ తన బరువుకూ పక్కలకు తెరుచుకుంటుంది. మిల్లీమీటర్ల వరకు సరిచూసి నేను గర్వపడిన 2.06 మీటర్ల వెడల్పు, సముద్రంలో తిరిగిన పడవ వెడల్పు కాదు.

మరి అసలు వెడల్పు ఎంత? దానికి జవాబు పడవలోనే ఉంది. రెండు పక్కలనూ కలుపుతూ ఆరు అడ్డకర్రలు ఉన్నాయి. వాటి చివరలు పై పలకలలోంచి బయటికి పొడుచుకువస్తాయి. ఏళ్ల తరబడి పలక రాపిడికి అడ్డకర్ర మీద పడిన గాడి ఒకటి, ఇప్పుడు పలక ఉన్న చోటు కన్నా లోపలగా కనిపించింది. మూడవ అడ్డకర్ర మీద గాడికీ గాడికీ మధ్య 1.93 మీటర్లు. అక్కడ ఇప్పటి వెడల్పు 2.06. పడవ 13 సెంటీమీటర్లు తెరుచుకుంది. ఈ గాడులు ఫొటోలలో మొదటి నుంచీ ఉన్నాయి. నేను వాటిని దెబ్బలుగా భావించి వదిలేశాను.

ఇంతవరకు: ఖర్చు 11,065 రూపాయలు, పని 78 గంటలు.

దశ 5: పదోవంతు నమూనాలు మూడు (మే)

కొలతలు రెండు జతలైనాయి కాబట్టి, ఏది ఎంతవరకు నమ్మదగినదో నమూనా కట్టి చూడాలనుకున్నాను. ఆ నెల 21న భారత నౌకాదళంలోకి ఐఎన్ఎస్‌వీ కౌండిన్య అనే కుట్టు ఓడ కార్వార్‌లో చేరింది. అజంతా గుహలలోని ఒక చిత్రం ఆధారంగా, కేరళ పనివారు బాబు శంకరన్ నాయకత్వంలో కుట్టిన ఓడ అది. వారి చేతిలో పాత ఓడ లేదు, బొమ్మ ఒకటే ఉంది. నా చేతిలో పడవ ఉంది గాని అది ఆకారం తప్పిన పడవ. ఏది నయమో చెప్పలేను. బొమ్మను నమ్మకూడదని ముందే తెలుస్తుంది, అసలు వస్తువును అనుమానించాలని మాత్రం వెంటనే తోచదు.

మొదటి నమూనాను పలుచని చెక్కపట్టీలతో, జిగురుతో అతికించాను. చూపుకు బాగుంది, ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. జిగురు పెట్టిన పలక ఎటు వంచితే అటే ఉండిపోతుంది కాబట్టి పని పనికిరాకుండా పోయింది. 19 గంటలు వృథా.

రెండవదానికి నిజంగానే బెజ్జాలు వేశాను. అసలు పడవలో 12 మిల్లీమీటర్ల బెజ్జం ఇక్కడ 1.2 మిల్లీమీటర్లు. పది వరుసలకు 2,086 బెజ్జాలు, చేతి డ్రిల్లుతో. విరిగిన బిట్లు 11. మొదట నూలు దారం వాడాను, అది సాగిపోయింది. విప్పి జనపనార దారం వేశాను. లోపల అచ్చులు పెట్టి, గాడి కొలత ప్రకారం మధ్యలో 193 మిల్లీమీటర్ల వెడల్పుకు కుట్టి, ఒకే విడతలో బిగించాను. అచ్చులు తీసిన మరుసటి ఉదయానికి వెడల్పు 207 అయింది. పదింతలు చేస్తే 14 సెంటీమీటర్లు. ఒడ్డున పడవ తెరుచుకున్నది 13. ఈ పోలిక ఆకర్షణీయంగా ఉంది గాని దీనిని రుజువుగా రాయలేదు, ఎందుకంటే దారం గట్టితనం, చెక్క బరువు పదోవంతు లెక్కలో తగ్గవు.

మూడవదానికి రెండవదాని పలకలనే విప్పి వాడాను. మార్చినవి మూడే: దారం తడిపి కుట్టడం, ముందు వదులుగా, తరువాత మధ్య నుంచి చివరలకు బిగించడం, ఆఖరి బిగింపుకు ముందే అడ్డకర్రలను దూర్చడం. ఈ మూడవ మార్పు తాత చెప్పిన సంగతి. అడ్డకర్ర పడిన తరువాత బిగిస్తే పలక దానిమీదికి వచ్చి కూర్చుంటుందనీ, బిగించాక దూర్చితే పలకను అదే తెరుస్తుందనీ అన్నారు. అచ్చులు తీశాక వెడల్పు 195. నీళ్ల తొట్టిలో ఒక రాత్రి ఉంచాక 193.5.

తొట్టిలో మొదటి గంట లోపలికి వచ్చిన నీళ్లను సిరంజితో లాగి కొలిస్తే 38 మిల్లీలీటర్లు. రెండవ గంటలో 15. ఆరవ గంటలో 4. కొత్త పడవనైనా ఒడ్డున చాలాకాలం ఉన్నదాన్నైనా వేటకు ముందు ఒక రోజు నీళ్లలో నానేస్తామని ఊళ్లో చెప్పిన మాటకు ఈ మూడు అంకెలు సరిపోతున్నాయి.

ఇంతవరకు: ఖర్చు 13,835 రూపాయలు, పని 164 గంటలు, నమూనాలు మూడు, ఉంచదగినది ఒకటి.

దశ 6: పటం (జూన్)

పటాన్ని పదోవంతు కొలతలో గీశాను. ఇప్పుడు ఒడ్డున ఉన్న ఆకారం నిండు గీతతో, గాడుల ఆధారంగా లెక్కించిన ఆకారం చుక్కల గీతతో ఉన్నాయి. మరమ్మతు చేసిన భాగానికి వేరే నీడ ఇచ్చాను. రెండు గీతలలో ఒకదానిని చెరిపి పటాన్ని శుభ్రంగా చేయమని చూసినవారిలో ఇద్దరు సలహా ఇచ్చారు. అలా చేయలేదు.

ఫైళ్లను మూడుచోట్ల దాచాను: నా దగ్గర ఒక హార్డుడిస్కు, స్నేహితుడి దగ్గర మరొకటి, అచ్చువేసిన పటాలూ పట్టికలూ యజమాని ఇంట్లో. ఒడ్డున కరెంటు పోయినా కాగితం చదవవచ్చు. కుట్టిన రెండు పలకల జతను ఊరి బడిలో పెట్టించాను. పిల్లలు తాడును మీటి చూడవచ్చు. పడవ నుంచి మాత్రం మే చివరి వారంలో కుడివైపు పై పలక, ఒక అడ్డకర్ర పోయాయి. ఎవరినీ అడగలేదు. పోయిన అడ్డకర్ర మూడవదే, అంటే గాడి కొలత ఇచ్చినదే. దాని ఫొటోలు 23 ఉన్నాయి.

జూన్ 11న పటాన్ని తాతకు చూపించడానికి తీసుకువెళ్లాను. ఆయన ఎండలో పరిచి, నిండు గీతను చూడలేదు. చుక్కల గీత మీద వేలు పెట్టి ముందు కొస దాకా నెమ్మదిగా జరిపి, రెండవ గుర్తు దగ్గర ఆపి, "ఇక్కడ ఇంకా లోపలికి ఉండాల బాబూ" అని గోటితో నొక్కారు. ఆ గోటి గాటును ఇంటికి వచ్చి కొలిచాను: చుక్కల గీతకు లోపలగా 4 మిల్లీమీటర్లు, పడవ మీద 4 సెంటీమీటర్లు. అక్కడి అడ్డకర్ర మీద గాడి లేదు. "విన్నది" గడిలో తేదీతో రాసి, గోటి గాటును అలాగే ఉంచి, దాని పక్కన ఎర్ర పెన్సిలుతో మూడవ గీత గీశాను.

మొత్తం: ఖర్చు 14,315 రూపాయలు, పని 176 గంటలు, పటం మీద గీతలు మూడు.